ఎసరెరుగని అత్తెసరు

వంటల శీర్షికలు నేను కథలకన్నా శ్రద్ధగా చదువుతాను. కథ బాగుండకపోతే పక్కన పడేస్తాం. వంటకం బాగుండకపోతే రెండు పూటలు అదే తినాలి. అంచేత ఆ శీర్షికల్లో భాష గురించి నాకు కాస్త పట్టింపు ఎక్కువ. ఆ పట్టింపుతోనే ఈ నాలుగు మాటలూ.

ఈమధ్య పత్రికల్లోనూ, టీవీల్లోనూ, ఫోనుల్లోనూ వంట చెప్పే తీరు ఎలా ఉంటోందో, ఒక వాక్యం నేనే వండి వడ్డిస్తాను, చిత్తగించండి: "ముందుగా ఆనియన్స్‌ని స్మాల్ పీసెస్‌గా కట్ చేసి, పాన్‌లో ఆయిల్ హీట్ చేసి, మస్టర్డ్ సీడ్స్ యాడ్ చేసి, ఆనియన్స్ గోల్డెన్ కలర్ వచ్చేదాకా ఫ్రై చేసి, టమోటా ప్యూరీ మిక్స్ చేసి, టెన్ మినిట్స్ కుక్ చేయాలి."

ఇందులో ఇంగ్లీషు ఎంత, తెలుగు ఎంత అని లెక్క తీయడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్క మీరే తీయగలరు. నేను చూసిందల్లా ఒక్కటే. ఇందులో ఆరు పనులు జరిగాయి. ఆరింటికీ ఒకే క్రియ, 'చేయడం'. అదే మన ఇంట్లో అయితే ఉల్లిపాయలు తరుగుతాం, నూనె కాగనిస్తాం, ఆవాలు వేస్తాం, ముక్కలు వేయిస్తాం, గుజ్జు కలుపుతాం, మూత పెట్టి మగ్గనిస్తాం. ఆరు పనులకీ ఆరు మాటలు. వాటిలో అయిదింటికి ఉద్వాసన చెప్పి, ఆరో దానికి 'చేయడం' అనే గుమాస్తాని వేశామన్నమాట.

నామవాచకాలతో నాకు పేచీ లేదు సుమండీ. కుక్కరు, గ్యాసు, స్టవ్వు, ఫ్రిజ్జు... వస్తువు పరాయి ఊరునించి వస్తే పేరు కూడా దాని వెంటే వస్తుంది, కొత్త కోడలి వెంట సారె వచ్చినట్టు. ఆ కోడళ్ళను మన ఆడవాళ్ళు ఇంట్లో కలుపుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. ఎసరు పెట్టడం అలవాటు కనక "కుక్కరు పెట్టావా?" అన్నాం. మరలో పిండి పట్టించడం అలవాటు కనక "మిక్సీ పట్టు" అన్నాం. ఇంగ్లీషులో 'సిమ్మర్' అంటే సన్నని సెగమీద మరగడం. మనవాళ్ళు ఆ క్రియని సగానికి విరిచి, దాన్నొక చోటుగా మార్చేసి, "మంట సిమ్‌లో పెట్టు" అన్నారు! ఏ పండితుడూ చెప్పలేదు, ఏ అకాడమీ తీర్మానించలేదు. పేరు వాళ్ళదైనా పని మనదిగానే ఉంది.

ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్ళు మరిచిపోయిన మాటని మనం పోషిస్తున్న సందర్భం కూడా ఉంది. బెజవాడ గాంధీనగరంలో ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుంటూ "టిఫినయింది" అంటాం. ఇక్కడ కాపరమున్న దొరలు మధ్యాహ్నం తినే తేలిక భోజనానికి పెట్టుకున్న పేరది. ఇలాంటి మాటలన్నీ పోగేసి యూల్, బర్నెల్ అనే ఇద్దరు పెద్దమనుషులు 1886లో 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు వేశారు. దొరలు ఓడెక్కారు. టిఫిన్ మాత్రం మన ఇడ్లీ పళ్ళెం పక్కనే కూర్చుండిపోయింది. ప్రతిగా మననుంచి వాళ్ళేం పట్టుకెళ్ళారంటారా? తమిళులనుంచి 'కర్రీ' తీసుకున్నారు. మిరియాల నీళ్ళని 'మల్లిగటానీ' చేసుకున్నారు. తెలుగు ఇంటినుంచి పప్పూ పులుసూ వదిలేసి పందికొక్కుని పట్టుకెళ్ళి 'బ్యాండికూట్' అన్నారు. అదీ ధాన్యం కొట్టులో కాపరముండేదే కాబట్టి, వంటింటి బంధువే అని సరిపెట్టుకుందాం.

పేచీ అంతా క్రియలతోనే. 'కట్ చేయడం' సంగతి చూడండి. ఉల్లిపాయ తరుగుతాం, పచ్చిమిరపకాయ చీలుస్తాం, కొబ్బరి తురుముతాం, గోరుచిక్కుడు తుంచుతాం, చేప కోస్తాం. ఆవకాయకి కాయ కొడతాం. ఎండాకాలం మన బజార్లలో కాయ కొట్టేవాడు పెద్ద కత్తితో ఒక్క వేటు వేస్తే ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉంటుంది. ఆ టెంక ఉండబట్టే ముక్క ఏడాది పొడుగునా మెత్తబడకుండా నిలుస్తుంది. "మామిడికాయలు కట్ చేసుకోండి" అని చదివిన కొత్త ఇల్లాలు చక్కగా చెక్కు తీసి, టెంక పారేసి, చాకుతో ముద్దొచ్చే ముక్కలు చేసి ఆవకాయ పెట్టిందనుకోండి. శ్రావణమాసం వచ్చేసరికి జాడీలో గుజ్జు ఉంటుంది. ఆ తప్పు ఆ పిల్లదా, వంట రాసిన వారిదా?

'గ్రైండ్ చేయడం' కూడా అంతే. కారం దంచడానికి రోలు, కందులు విసరడానికి తిరగలి, మినప్పప్పు రుబ్బడానికి పొత్రం, పచ్చడి నూరడానికి సన్నికల్లు ఉండేవి. రాళ్ళు పోయాయి, నిజమే. తిరగలి ఇప్పుడు హోటళ్ళ గుమ్మాల్లో అలంకారానికి కూర్చుంటోంది. వాటిని మళ్ళీ ఇంట్లోకి తెమ్మని నేను చచ్చినా అనను. రుబ్బిన చేతులకి ఆ నొప్పి తెలుసు. కానీ రాయి పోయినా మాటతో పని పోలేదు. "నూరండి" అంటే పచ్చడి కాస్త బరకగా ఉండాలని తెలుస్తుంది. "రుబ్బండి" అంటే నీళ్ళు చిలకరిస్తూ వెన్నలా రావాలని తెలుస్తుంది. మిక్సీ మీట ఎంతసేపు నొక్కాలో ఆ క్రియే చెబుతుంది. 'గ్రైండ్' ఆ కబురు చెప్పదు.

ఇక పొయ్యి దగ్గరికి రండి. పాలు కాగుతాయి, నీళ్ళు మరుగుతాయి, పప్పు ఉడుకుతుంది, పులుసు తెర్లుతుంది, వంకాయ మగ్గుతుంది, రొయ్యలు ఇగురుతాయి. మాది నీళ్ళ దేశం. 1852లో మొదలెట్టిన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి, కాలవలు పారి, కృష్ణా డెల్టా అంతా వరిమయమైంది. నీళ్ళలో పండే గింజని నీళ్ళలో వండుకుని తినేవాళ్ళకి నీటి క్రియలు ఇన్ని ఉండటంలో ఆశ్చర్యమేముంది? చేలో ఉంటే వరి, నూరిస్తే వడ్లు, దంపితే బియ్యం, వండితే అన్నం, వేలితో నొక్కి చూస్తే మెతుకు. ఇంగ్లీషులో అడుగడుక్కీ 'రైసే'.

న్యాయంగా మాట్లాడుకోవాలంటే, నిప్పు దగ్గర మనం బీదవాళ్ళం. వంకాయా కాలుస్తాం, మొక్కజొన్న పొత్తూ కాలుస్తాం, చుట్టా కాలుస్తాం, తుపాకీ కాలుస్తాం. ఇంగ్లీషువాడు బేక్ అంటాడు, రోస్ట్ అంటాడు, గ్రిల్ అంటాడు, టోస్ట్ అంటాడు. అతనిది చలిదేశం, గోధుమ రొట్టె, ఇటుకల పొయ్యి. రొట్టె వాళ్ళకి ఎంత ముఖ్యమంటే, 'లార్డ్' అనే మాటకి పాత ఇంగ్లీషులో అసలర్థం రొట్టెకి కాపలా ఉండేవాడని. 'లేడీ' అంటే రొట్టెపిండి పిసికేది. బస్టాండులో 'లేడీస్' అన్న బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ పిండి చేతులు గుర్తొస్తాయి. పిసికినావిడ పిసుకుతూనే ఉంది, కాపలా కాసినాయన ఏకంగా ప్రభువైపోయాడు. ఈ పంపకాలు అన్ని దేశాల్లోనూ ఒకటే కాబోలు.

ఇంత రొట్టె చరిత్ర ఉన్న ఆ ఇంగ్లీషు వంటింట్లోనే, ఇవాళ మనకి జరుగుతున్నది తొమ్మిదివందల ఏళ్ళ కిందట జరిగింది. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండుని జయించారు. దొరతనం వాళ్ళది, భోజనాల బల్ల వాళ్ళది. వాల్టర్ స్కాట్ 'ఐవన్హో' నవలలో విదూషకుడు చెప్పే సంగతి ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. జంతువు దొడ్లో ఉన్నంతసేపూ దానికి మేపేవాడి భాషలో పేరు, వండి బల్లమీదికి ఎక్కించగానే తినేవాడి భాషలో పేరు. దొడ్లో 'స్వైన్', పళ్ళెంలో 'పోర్క్'.

ఆ విదూషకుడు నామవాచకాల దగ్గరే ఆగాడు. క్రియలకీ అదే గతి పట్టింది. బాయిల్, ఫ్రై, రోస్ట్, స్టూ... ఇవాళ మనం అచ్చ ఇంగ్లీషనుకుని మురిసిపోయే ఈ నాలుగూ ఫ్రెంచినుంచి దిగినవే. మరి అంతకుముందు ఇంగ్లీషు ఆడవాళ్ళు కూర ఉడకబెట్టుకోలేదా అంటే, నిక్షేపంలా ఉడకబెట్టుకున్నారు. దానికి వాళ్ళ సొంత మాట 'సీద్'. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో కూడా అది వంట మాటగానే కనిపిస్తుంది. ఇవాళ ఏ వంట పుస్తకంలోనూ 'సీద్' అని రాయరు. ఇప్పుడా మాటకి అర్థం కోపంతో ఉడికిపోవడం. గిన్నె పోయింది, కోపం మిగిలింది. దాని తోబుట్టువు 'సాడెన్' ఒకప్పుడు ఉడికించిన వస్తువుని చెప్పేది. ఇప్పుడు వానలో తడిసి ముద్దయిన బట్టని చెబుతోంది.

ఈ కథ చదివినప్పుడు నాకు మన 'ఉడుకు' గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. మనకింకా రెండూ ఉన్నాయి. పప్పూ ఉడుకుతుంది, మాట పడ్డ మనిషీ ఉడుకుతాడు. చిన్నపిల్లల్ని సరదాకి ఉడికిస్తాం. అంతమందికి అన్నం పెట్టే మాట వంటింట్లోంచి వెళ్ళిపోతే, మిగిలేది కోపమూ, వేళాకోళమూను.

వెళ్ళిపోవడం మొదలైందనడానికి నా దగ్గర సాక్ష్యముంది. నా సీరియల్లో ఒకచోట "ఆవిడ ఎసట్లో బియ్యం పోసి వచ్చింది" అని రాశాను. హైదరాబాదునుంచి ఒక కాలేజీ అమ్మాయి ఉత్తరం రాసింది. ఎంతో మర్యాదగా, చక్కని దస్తూరీతో, "మేడమ్, ఎసట్ల అనే ఊరు ఏ జిల్లాలో ఉంది?" అని అడిగింది. ఆ పిల్లని చూసి నవ్వడం సులువు. కానీ అదే ఉత్తరంలో రెండు వాక్యాల కింద, "నాకు తెలుగులో అత్తెసరు మార్కులే వచ్చాయి" అని రాసుకుంది!

ఎసరంటే బియ్యం ఉడకడానికి కాచే నీళ్ళు. గంజి వార్చక్కర్లేకుండా, అన్నం ఉడకడానికి సరిపడా మాత్రమే పోస్తే అది అత్తెసరు. ఆ లెక్కనే బొటాబొటి మార్కులు అత్తెసరు మార్కులయ్యాయి. తమాషా ఏమిటంటే, కుక్కర్లు వచ్చాక మనందరి ఇళ్ళలోనూ రోజూ జరిగేది అత్తెసరే. గంజి వార్చేవాళ్ళు ఎక్కడో తప్ప లేరు. పని ఇంటింటా ఉంది, మాట మాత్రం పరీక్షల మార్కుల్లో చిక్కుకుపోయింది. 'సీద్' పడ్డ దారిలోనే ఇదీ పడింది.

ఒకరి ఉద్యోగానికి ఎసరు పెట్టారంటాం. జైల్లో మగ్గుతున్నాడంటాం. గడ్డిలో వేసిన నూజివీడు మామిడిపండూ, మూత కింద వంకాయా తమ ఆవిరిలో తామే మెత్తబడతాయే, ఆ మగ్గడమే ఇది. ఊకదంపుడు ఉపన్యాసమంటాం. రోట్లో వడ్లుంటే బియ్యం రాలతాయి, ఊక దంచితే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాలదు. శాస్త్రాన్ని కాచి వడపోశాడంటాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటాం. వేడి గిన్నె దించేటప్పుడు ముందే పట్టుకోవలసిన ఆకులవి. పిల్లలు వేపుకు తింటున్నారంటాం. రేపు "ఫ్రై చేసుకుని తింటున్నారు" అంటామేమో! నుడికారాలన్నీ పొయ్యి చుట్టూ కూర్చున్న పిల్లల్లాంటివి. పొయ్యి మీద పని పేరు మారిపోతే వీటికి అన్నం పెట్టేవాళ్ళుండరు. కొంతకాలం అలవాటు కొద్దీ తిరుగుతాయి, ఆపైన ఎవరికీ అర్థం కాకుండా పోతాయి.

ఇదొక వైపు. రెండోవైపు, ఇంగ్లీషు నుడికారాన్ని గరిటెతో సహా దించేసుకునే అనువాదాలున్నాయి. ఒక అనువాద నవలలో "అతని మాటలు చిటికెడు ఉప్పుతో తీసుకోవాలి" అని చదివాను. ఇంగ్లీషులో ఆ మాటకి, విన్నదంతా నమ్మకూడదని అర్థం. మనకి ఉప్పు నమ్మకానికి గుర్తు. ఉప్పు తిన్న విశ్వాసమంటాం, ఉప్పూ కారం తినే మనిషంటాం. చిటికెడు ఉప్పుతో తీసుకుంటే ఆ మనిషిని జన్మంతా నమ్మాలి మనం! వాళ్ళకి 'పికిల్‌లో పడటం' అంటే చిక్కుల్లో పడటం. మనకి కూర లేని పూట చుట్టం ఊడిపడితే, చిక్కుల్లోంచి బయటపడేసేదే ఊరగాయ జాడీ. 'కర్రీ ఫేవర్' అంటే కూర వండిపెట్టి మెప్పు పొందడం కాదు. అక్కడ 'కర్రీ' అంటే గుర్రాన్ని మాలీసు చేయడం. గుర్రానికి చేసే సేవ దొరకి చేసే ముఖస్తుతి అయింది. మన కూరతో దానికి ఏ చుట్టరికమూ లేదు. చిక్కుడు గింజలు ఒలకబోశాడని రాయనక్కర్లేదు, 'నోట్లో నువ్వుగింజ నానదు' అని మనకే ఉంది. మరీ ఎక్కువమంది వంటవాళ్ళు పులుసు పాడుచేస్తారని రాయనక్కర్లేదు, 'పదిమందిలో పాము చావదు' అని మనకే ఉంది. అనువాదకులు వెతుక్కోవలసింది పదాన్ని కాదు, ఆ మాట ఏ సందర్భంలో నోటికొస్తుందో ఆ సందర్భాన్ని.

ఈ గోలంతా పక్కింటి అమ్మాయి దగ్గర వెళ్ళబోసుకుంటే ఆ పిల్ల నెమ్మదిగా ఒక మాట అంది. "ఆంటీ, మీరు తాలింపు అంటారు, మా అత్తగారు పోపు అంటారు, మా ఆఫీసులో ఒకావిడ తిరగమోత అంటుంది. ఫ్రై అంటే అందరికీ ఒకటే కదా!" కొట్టిపారేయవలసిన మాట కాదిది. ఊరు మారితే వంట మాట మారుతుంది. అందరికీ అర్థం కావాలనుకునేవాళ్ళకి ఇంగ్లీషు అడ్డుగోడలు లేని మైదానంలా కనిపిస్తుంది. కానీ ఆ పిల్లే గమనించనిది ఒకటుంది. ఆ మూడు మాటలూ ఆ పిల్లకి తెలుసు! అత్తగారి ఇంట్లో వింది, ఆఫీసులో వింది, నా దగ్గర వింది. మూడు ఊళ్ళ వంటిళ్ళు ఆ చిన్న బుర్రలో సర్దుకు కూర్చున్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లా జిల్లా తిరిగించి రైతుల మాటలు పోగు చేయించి, 1962లో వ్యవసాయ పదాల మాండలిక కోశం వెలువరించినప్పుడు, ఒక పనిముట్టుకి పది పేర్లున్నాయని ఎవరూ విసుక్కోలేదు. పదీ అచ్చు వేశారు. వంటల శీర్షికలో ఒక్కసారి "తాలింపు (పోపు)" అని రాస్తే ఎంత సిరా ఖర్చవుతుంది?

ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళకి తెలుగులో వంట చెప్పడం నామోషీ అనేవాళ్ళకి నేను మాలతీ చందూర్ గారిని చూపిస్తాను. ఆవిడ మా జిల్లా నూజివీడు ఆడపడుచు. 'పాత కెరటాలు' పేరుతో ఎన్నెన్నో ఇంగ్లీషు నవలలని తెలుగు పాఠకులకి పరిచయం చేశారు. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు 'ప్రమదావనం' నడిపారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. ఆ చేత్తోనే 'వంటలు-పిండివంటలు' రాశారు. ముద్రణ మీద ముద్రణగా అది ఎన్ని కొత్త కాపరాలకి దిక్కయిందో లెక్కలేదు. 2013లో ఆవిడ కన్నుమూశారు. ఇంగ్లీషు రాకపోవడంవల్ల ఆవిడ తెలుగులో వంట చెప్పారని ఎవరైనా అనగలరా?

వంటలు రాసే సోదరీమణులకీ, ఈమధ్య ఉత్సాహంగా గరిటె పట్టిన సోదరులకీ నా విన్నపం ఇంతే. కుక్కరు ఉంచుకోండి, మిక్సీ ఉంచుకోండి, పాన్ కూడా ఉంచుకోండి. "కుక్ చేయండి" అని రాయబోయేముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఉడికించాలో, మగ్గించాలో, ఇగిర్చాలో చెప్పండి. లేత వంకాయలు అవే, ఉప్పూ కారం అవే. నీళ్ళు పోసి ఉడికిస్తే ఒక కూర, నీళ్ళు పోయకుండా మూతపెట్టి మగ్గిస్తే ఇంకో కూర, పోసిన నీళ్ళు ఆఖరి బొట్టుదాకా ఇగిరిస్తే మరో కూర. ఏ కూర కావాలో తెలియక, చేతిలో గరిటెతో, పొయ్యి ముందు నిలబడి మీ వాక్యం చదువుతున్న అమ్మాయి ఒకతె ఉందని మరిచిపోకండి. ఇవతల నూనె కాగిపోతోంది.